మెసైమీర్ ఇసుకలో పదముగ్గురు

ఆర్థర్ సాబ్ చెవి చూడగానే నర్సింలుకు తన మేనమామ గుర్తొచ్చాడు. ఆర్మూర్ తాలీంలో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన ఆ మేనమామ కుడిచెవి కూడా అచ్చం ఇలాగే, ఎండిన చింతపండు ముద్దలా ముడుచుకుపోయి ఉండేది. మట్టిలో పడి, పైన ఇంకో మనిషి బరువు మోస్తూ, తల నేలకేసి రాసుకుంటే తప్ప చెవి అలా తయారు కాదు. ఆ సంగతి నర్సింలుకు తెలుసు.

అది 1993 ఆరంభం, చలికాలం. దోహాలో కంపెనీ వర్క్‌షాపుకు నర్సింలు వంగిన పైపులు సరిచేయించడానికి వచ్చాడు. కడుతున్న భవనాల చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టడం అతని పని. ఆర్థర్ కెర్షా అక్కడ క్రేన్ మెకానిక్కుల మీద సూపర్‌వైజరు. అరవై దాటిన ఇంగ్లీషు ముసలాయన. పదిహేనేళ్ళుగా గల్ఫ్‌లో పాకిస్తానీ మెకానిక్కులతో కలిసి పనిచేసి, తనకంటూ ఒక హిందీ తయారుచేసుకున్నాడు. క్యాంప్ బస్సు నడిపే జహాంగీర్‌ది బోధన్. అతను పక్కనే ఉంటే నర్సింలు మెల్లగా అన్నాడు.

"సాబ్‌ను జర అడుగు భాయ్, ఏ తాలీంల కుస్తీ వట్టిండో."

జహాంగీర్ అడిగాడు. ముసలాయన చెవి తడుముకుని నవ్వాడు. కుస్తీ కాదట. రగ్బీ అట. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. ఎదుటివాళ్ళు మనిషిని పట్టి పడేస్తారు, పడకుండా గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే పాయింట్లు. పట్టడం, పడేయడం, గీత దాటడం అన్న మూడు మాటలు వినగానే నర్సింలు పైపుల సంగతి మరిచిపోయాడు. ఎందుకంటే అతను ఆర్మూర్ చుట్టుపక్కల పేరున్న కబడ్డీ ఆటగాడు. కూతకు వెళ్ళడంలో కాదు, పట్టడంలో. అతను మడమ దొరకబుచ్చుకున్నాడంటే ఎదుటివాడు కూత ఆపాల్సిందే అనేవారు.

ఆ రోజు మొదలు ఏదో ఒక వంకతో అతను వర్క్‌షాపుకు వచ్చేవాడు. ఆర్థర్ టీ తాగుతూ తన కథ కొంచెం కొంచెంగా చెప్పేవాడు. ఇంగ్లండుకు ఉత్తరాన హోల్డెన్‌షా అని బొగ్గుగనుల ఊరు. ఆ ఊరికో రగ్బీ క్లబ్బు. పంతొమ్మిదేళ్ళప్పుడు, 1949లో, ఆర్థర్ ఆ క్లబ్బులో చేరాడు. వారమంతా గనిలో పని, శనివారం మధ్యాహ్నం ఆట. గెలిస్తే ఒక కూలి, ఓడితే అంతకంటే తక్కువ కూలి. చూడ్డానికి వచ్చేవాళ్ళంతా అదే గనిలో పనిచేసేవాళ్ళు. శనివారం బంతి జారవిడిస్తే సోమవారం గనిలోకి దిగే తొట్టిలో దాని గురించి పడాల్సిన మాటలన్నీ పడాలి. పట్టాల్సినవాణ్ణి పట్టి పడేస్తే మాత్రం, పేరు తెలియని ముసలివాళ్ళు కూడా దారిలో ఆపి భుజం తట్టేవారట.

ఎనిమిదేళ్ళు ఆడాక క్లబ్బు పెద్దలు అతన్ని పక్క ఊరి క్లబ్బుకు అమ్మేశారు. ఆ సంగతి ఆర్థర్‌కు బస్సు కండక్టరు చెబితే తెలిసింది.

'అమ్మేశారు' అన్న మాట నర్సింలుకు మింగుడు పడలేదు. తప్పుగా విన్నానేమోనని జహాంగీర్‌తో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"మనిషిని ఎట్ల అమ్ముతరు సాబ్?"

ఆర్థర్ గ్లాసు కింద పెట్టి, నిన్ను ఈ సైటు నుంచి ఇంకో సైటుకు పంపేటప్పుడు ఎవరైనా నిన్ను అడుగుతారా అని ఎదురు ప్రశ్న వేశాడు. నర్సింలు తల అడ్డంగా ఊపాడు. అయినా వెళ్ళి పనిచేస్తావు కదా, నేనూ అలాగే వెళ్ళి ఆడానన్నాడు ఆర్థర్. కొత్త క్లబ్బు తరఫున మొదటిసారి హోల్డెన్‌షాకు ఆడడానికి వెళ్ళినప్పుడు తన ఊరివాళ్ళే తనను చూసి అరిచారట. ఆట అయిపోయాక వాళ్ళే తాగించారట. ముప్ఫై రెండో ఏట మోకాలు చెడేదాకా ఆడాడు. గని మూతపడ్డాక గల్ఫ్ వచ్చాడు. ఈ మాటలన్నీ అతను ఏ బాధా లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

శుక్రవారాలు దోహా శివారులో తాముండే మెసైమీర్ క్యాంప్ వెనక ఇసుకలో తెలంగాణ కూలీలు కబడ్డీ ఆడుకునేవారు. ఒక శుక్రవారం ఆర్థర్ తన పాత కారులో వచ్చి, బానెట్ మీద చేతులు పెట్టుకుని చూశాడు. మేస్త్రీ పనిచేసే రాజనర్సు కూతకు వచ్చాడు. పాములా మెలికలు తిరిగే మనిషి అతను. నర్సింలు నేలబారుగా దూకి అతని మడమ పట్టుకున్నాడు. రాజనర్సు గీత దాకా అతన్ని ఈడ్చుకుపోయాడు కానీ గీత తాకలేకపోయాడు. ఆర్థర్ ఇంకేమీ చూడలేదు. మరుసటి శుక్రవారం బంతితో వచ్చాడు.

ముందు అతను నర్సింలును దోహాలో ఇంగ్లీషువాళ్ళ ఆటల క్లబ్బుకు తీసుకుపోయాడు. తోడు జహాంగీర్ కూడా వెళ్ళాడు. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు. క్లబ్బులో సభ్యత్వం స్టాఫ్‌కే, క్యాంప్ కూలీలకు కాదన్నాడు. సరే, నేను మీ కుర్రాళ్ళకు ఆట నేర్పుతాను, ఇతను వచ్చి పక్కన నిలబడనివ్వండి అన్నాడు ఆర్థర్. అదీ కుదరదన్నారు. రగ్బీ అనే పేరుతో ఇంగ్లండులో రెండు ఆటలున్నాయట. ఒకటి డబ్బు ముట్టనివాళ్ళది, రెండోది ఆర్థర్ లాంటి కూలివాళ్ళది. డబ్బు తీసుకుని ఆడినవాణ్ణి మొదటి ఆటవాళ్ళు ఆ రోజుల్లో గడప తొక్కనిచ్చేవారు కాదు. ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతి అయినా సరే.

తిరిగొచ్చే దారిలో ఆర్థర్ మెసైమీర్ మలుపు దగ్గర కారు ఆపి, తన హిందీలో, మనమే ఒక టీమ్ పెడదాం, నా ఆట, పదమూడు మంది ఆట, మనుషుల్ని తేగలవా అని అడిగాడు.

"తెస్త సాబ్," అన్నాడు నర్సింలు. "కాని మల్ల ఎనుకకు వోవద్దు."

మనుషుల్ని తేవడం అతను అనుకున్నంత తేలిక కాలేదు. వారానికి ఒక్కటే సెలవు. ఆ ఒక్కరోజూ బట్టలు ఉతుక్కోవాలి, నిద్రపోవాలి. నర్సింలు గది గదికీ తిరిగాడు. కబడ్డీ ఆడేవాళ్ళు ఐదుగురు ఒప్పుకున్నారు, తనతో ఆరుగురు. వంటగదిలో పనిచేసే శ్రీలంక మనిషి ఒకడు బడిలో రగ్బీ ఆడానంటూ తనంతట తానే వచ్చాడు. పంజాబీలు ఇద్దరు, నేపాలీలు ముగ్గురు. జహాంగీర్ పొట్ట తడుముకుంటూ తను పదమూడోవాణ్ణన్నాడు.

ఆర్థర్ నేర్పిన ఆటలో రెండు సంగతులు వాళ్ళ ఒంటికి పట్టడానికి నెలలు పట్టింది. మొదటిది, బంతిని ఎప్పుడూ వెనకవాడికే అందించాలి, ముందుకు విసరకూడదు. పరిగెత్తేదేమో ముందుకు, ఇచ్చేదేమో వెనక్కు. రాజనర్సు మూడు వారాలు ఆ నియమాన్ని తిట్టుకున్నాడు. రెండోది, మనిషిని పడేయడంతో ఆట ఆగదు. పడ్డవాడు లేచి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కు దొర్లిస్తాడు, మళ్ళీ మొదలు. కబడ్డీలో పట్టుబడ్డవాడు బయటికి పోతాడు. ఇక్కడ పట్టుబడ్డవాడే మొట్టమొదట లేవాలి. ఆర్థర్ ఆ ముక్క ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పడ్డామని పడుకోవద్దు, యల్లా, లే, అనేవాడు.

కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు సుధాకరరావుది కాకినాడ. దోహాలోనే అల్ ముంతజా పేటలో భార్య వసుంధరతో కాపురం ఉంటున్నాడు. క్యాంప్ బస్సు బయటికి పోవాలంటే ఆయన ఒప్పుకోవాలి. దుఖాన్‌లో చమురు కంపెనీ స్టాఫ్ జట్టు ఒకటి ఉందనీ, వాళ్ళు పదమూడు మంది ఆట సరదాగా ఆడడానికి ఒప్పుకున్నారనీ, బస్సు కావాలనీ నర్సింలు వెళ్ళి అడిగితే ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"నేను బస్సు ఇవ్వనని కాదు నర్సింలూ. ఒక్కటి ఆలోచించుకో. డ్యూటీలో దెబ్బ తగిలితే కంపెనీ ఆస్పత్రికి తీసుకెళ్తుంది. ఆటలో తగిలితే నీ మొహం కూడా ఎవరూ చూడరు. టికెట్టు చేతిలో పెట్టి విమానం ఎక్కించేస్తారు. ఇంటి దగ్గర నీమీద ఎంతమంది ఆధారపడి ఉన్నారు?"

"నలుగురున్నరు సార్."

"మరి?"

 నర్సింలు అన్నాడు. "ఆరు దినాలు నేను కంపెనీ మనిషిని సార్. ఏడో దినం గూడ కంపెనీ మనిషినే అయితే, ఇగ నేనెవ్వన్ని?"

సుధాకరరావు బస్సు ఇచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు.

1994 ఫిబ్రవరిలో దుఖాన్ వెళ్ళారు. ఎడారి మధ్యలో నీళ్ళు పెట్టి పెంచిన పచ్చగడ్డి మైదానం చూసి మెసైమీర్ వాళ్ళు బూట్లు విప్పి కాళ్ళతో తొక్కి చూశారు. ఆ సంబరం కాసేపే. ఇసుకలో పరిగెత్తడానికి అలవాటుపడ్డ కాళ్ళు గడ్డి మీద జారిపోయాయి. దుఖాన్ జట్టులో ఒక్కొక్కడూ తలుపంత మనిషి. పాయింట్ల సంగతి చెప్పుకోనక్కర్లేదు, మెసైమీర్ వాళ్ళకు ఒక్కటీ రాలేదు. ఆట సగంలో నర్సింలు ఒక భారీ మనిషికి ఎదురెళ్ళి ఛాతీతో ఢీకొన్నాడు. పైన మనిషి, కింద తను. ఎడమ భుజం దగ్గర టప్పుమని చప్పుడైంది. మెడకింది ఎముక విరిగింది.

విరిగిందని అతను ఎవరికీ చెప్పలేదు. మర్నాడు భుజానికి గుడ్డ బిగించి, పైన చొక్కా వేసుకుని డ్యూటీకి పోయాడు. పైపు ఎత్తబోతే చెయ్యి లేవలేదు. ఫోర్‌మన్ చొక్కా విప్పించాడు. గంటలో సంగతి లెబనాన్ వాడైన క్యాంప్ బాస్ దగ్గరికి పోయింది. ఆట ఖలాస్, ఇతన్ని ఇంటికి పంపేయండి అన్నాడతను.

ఆర్థర్ వెళ్ళి, తప్పు నాదని వాదించాడు. బాస్ వినలేదు. చివరికి సుధాకరరావు వెళ్ళాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. పరంజా కట్టేవాళ్ళు దొరకడం లేదనీ, కొత్తవాణ్ణి తెప్పించడానికి నెలలు పడుతుందనీ, ఎముక అంతకంటే ముందే అతుక్కుంటుందనీ, అందాకా స్టోరులో కూర్చోబెట్టమనీ చెప్పాడు. అది పని గురించిన మాట కాబట్టి బాస్ ఒప్పుకున్నాడు. ఆట మాత్రం ఆడకూడదన్నాడు. సాయంత్రం సుధాకరరావే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించాడు. వసుంధర టిఫిన్ క్యారియర్‌లో పప్పుచారు, అన్నం పంపింది.

ఊళ్ళోకి వార్త ఎవరు మోశారో గానీ, వారం తిరిగేసరికి భార్య సుమలతకు తెలిసిపోయింది. శుక్రవారం అతను ఫోన్ చేస్తే, ఊరి ఎస్‌టీడీ బూత్‌లో ఆమె కాచుకుని ఉంది.

"నువ్వు దుబాయ్‌కి పని చేయవోయినవా, బొక్కలు ఇరగ్గొట్టుకోవోయినవా?"

"పని ఇడిశిపెట్టలేదు గదనే."

"ఆట ఇడిశిపెడుతవా?"

ఫోన్‌లో నిమిషాలు కరిగిపోతున్నాయి.

"ఇంటికాడున్నప్పుడు ఎన్నడన్న ఇడిశిపెట్టుమన్నవా?" అన్నాడు చివరికి.

"అప్పుడు కట్టు కట్టెటందుకు నేనుంటి," అంది సుమలత.  పెట్టేసే ముందు మాత్రం, పసుపు దొరుకుతదా ఆడ, అని అడిగింది.

ఆడకూడదని బాస్ అన్నాడు గానీ, నిలబడకూడదని అనలేదు. ఆ శుక్రవారమే నర్సింలు చెయ్యి మెడకు కట్టుకుని ఇసుకలోకి వెళ్ళాడు. ఎదురుగా చూస్తే నలుగురే ఉన్నారు. దుఖాన్ దెబ్బకు మిగతావాళ్ళ మనసు విరిగింది. ఆ నలుగురితోనే మొదలుపెట్టమన్నాడు ఆర్థర్‌ను. తర్వాత రాజనర్సు మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి లాగి, "నాకు ఇరిగింది ఎముక, నీకు ఇరిగిందేంది?" అన్నాడు. రాజనర్సు తిట్టుకుంటూ లేచొచ్చాడు. వేసవి వచ్చేసరికి పదముగ్గురూ మళ్ళీ తేలారు.

చూస్తూ నిలబడ్డ ఆ నెలల్లోనే నర్సింలుకు ఆట బాగా అర్థమైంది. దుఖాన్‌లో తాము ఎక్కడ తప్పు చేశామో తెలిసింది. తలుపంత మనుషులకు ఛాతీతో ఎదురెళ్ళారు. అది వాళ్ళ పద్ధతి. తమ పద్ధతి కిందినుంచి పట్టడం. ఎంత పెద్ద మనిషికైనా మడమలు రెండే. ఆ మాట ఆర్థర్‌కు చెప్తే ముసలాయన తల ఊపి, హోల్డెన్‌షాలో తనూ పొట్టివాణ్ణేననీ, తన గురువూ ఇదే చెప్పాడనీ, నువ్వే కనుక్కుంటావని చెప్పకుండా ఆగాననీ అన్నాడు. ఆ చివరిమాట నర్సింలు నమ్మలేదు.

శరత్కాలంలో ఆర్థర్ కాంట్రాక్టు అయిపోవస్తోందని తెలిసింది. డిసెంబరు ఆఖరుకు వెళ్ళిపోవాలి. వయసు మీరింది, ఇంకోసారి వీసా రాదు. నర్సింలు ఆ సంగతి విన్న మర్నాడే జహాంగీర్‌ను వెంటబెట్టుకుని దుఖాన్ జట్టు కెప్టెన్‌కు ఫోన్ చేయించాడు. ఈసారి మా దగ్గరికి రండి, మా ఇసుకలో ఆడండి అని. అవతలివాడు మంచి మనిషి, నవ్వి సరేనన్నాడు.

ఇక మిగిలింది క్యాంప్ బాస్. ఈసారి నర్సింలు ఎవరినీ పంపలేదు, తనే వెళ్ళాడు. మాటల సాయానికి సుధాకరరావు పక్కన నిలబడ్డాడు. ఎముక అతుక్కుంది, మళ్ళీ పైపులెత్తుతున్నాను, ఒక్క ఆట ఆడనివ్వమని అడిగాడు. బాస్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. మళ్ళీ విరిగితే మాఫీ స్టోరు, మాఫీ ఆస్పత్రి, అంటే స్టోరూ లేదు, ఆస్పత్రీ లేదు, నేరుగా ఎయిర్‌పోర్టే అన్నాడు. సుధాకరరావు తెలుగులో, ఆలోచించుకో, ఇతను అన్నంత పనీ చేస్తాడు అన్నాడు.

"చెయ్యనియ్యుండ్రి సార్," అన్నాడు నర్సింలు. "ఆడత."

డిసెంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక క్యాంప్ అంతా ఇసుక చుట్టూ చేరింది. నీళ్ళ ట్యాంకరు మీద ఎక్కారు, మెస్ బల్లలు బయటికి లాక్కొచ్చి నిలబడ్డారు. గీతలు సున్నంతో గీశారు, రెండు చివర్లా పరంజా పైపులతో గుంజలు పాతారు. దుఖాన్ వాళ్ళు రెండు కార్లు, ఒక వ్యానులో వచ్చారు. ఆర్థర్ వాళ్ళకు ఆట నియమాలు మరోసారి చెప్పి, విజిల్ వేయడానికి దుఖాన్ వాళ్ళ మనిషినే పెట్టమన్నాడు.

ఇసుక ఎవరి పక్షమో మొదటి పది నిమిషాల్లోనే తేలింది. పెద్ద మనుషులు చీలమండ దాకా దిగబడి రొప్పసాగారు. వాళ్ళు పరుగు అందుకునేలోపే ఎవడో ఒకడు కాళ్ళు పట్టేవాడు. పడిన ప్రతి మెసైమీర్ మనిషీ వెంటనే లేచేవాడు. రాజనర్సు సందుల్లోంచి దూరి గీత దాటి బంతి ఆనించినప్పుడు ట్యాంకరు మీద నుంచి ఒకడు కిందపడ్డాడు. దెబ్బలేమీ తగల్లేదు. అయినా దుఖాన్ వాళ్ళు ఆట తెలిసినవాళ్ళు. పరిగెత్తడం మాని బంతిని దగ్గర దగ్గరగా అందించుకుంటూ రెండుసార్లు గీత దాటారు. శ్రీలంక వంటమనిషి ఒక బంతిని గుంజల మధ్య నుంచి తన్ని రెండు పాయింట్లు తెచ్చాడు. జహాంగీర్ ఎదుటివాళ్ళ చేతిలోంచి జారిన బంతిని పొట్ట కింద అదుముకుని, గీత మీద నుంచి దొర్లుకుంటూ పోయాడు. అలా మెసైమీర్ రెండు పాయింట్లు ముందుకు వచ్చింది.

ఆట ముగిసే ముందు దుఖాన్ వాళ్ళలో అందరికంటే పెద్దవాడు, ఫిబ్రవరిలో నర్సింలు మీద పడినవాడే, బంతితో తెరుచుకున్న సందులోకి వచ్చాడు. గీతకూ అతనికీ మధ్య నర్సింలు ఒక్కడే ఉన్నాడు. ఆ క్షణంలో అతనికి ఎయిర్‌పోర్టు గుర్తొచ్చిందని దాచకుండా చెప్పేవాడు తర్వాత. సుమలత కూడా గుర్తొచ్చింది. కుడి పక్కకు దూకితే మంచి భుజం నేలకు తగులుతుంది, కానీ మనిషి దొరకడు. ఎడమ పక్కకు దూకితేనే దొరుకుతాడు.

ఎడమ పక్కకే దూకాడు. అతని చేతులు ఒక్క మడమను చుట్టేశాయి. భుజం ఇసుకలో దిగబడి మంట లేచింది. వదల్లేదు. ఆ భారీ మనిషి అతన్ని ఈడుస్తూ ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేయబోయి చెట్టు కూలినట్టు కూలాడు. బంతి పట్టుకున్న చేతులు ముందుకు చాచాడు. గీతకు జానెడు దూరంలో ఆగిపోయాయి. అంతలో నేపాలీలు ఇద్దరు వచ్చి మీదపడ్డారు. ఆట అయిపోయిందని విజిల్ మోగింది.

క్యాంప్ క్యాంపంతా ఇసుకలోకి ఉరికింది. ఆర్థర్ మాత్రం పరిగెత్తలేదు, అతని మోకాలు పరిగెత్తనివ్వదు. నడుచుకుంటూ వచ్చి, నర్సింలు ముందు చతికిలబడి, మెడకింది ఎముక వెంట బొటనవేలితో ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా నొక్కి చూశాడు. నొప్పితో నర్సింలు పళ్ళు బిగించాడు. ఎముక నిలిచింది. అప్పుడు ముసలాయన కళ్ళు తడయ్యాయి. బొగ్గుగనుల ఊరి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఏమన్నాడో అనువాదం చేయడానికి జహాంగీర్ దగ్గర లేడు, జనం భుజాల మీద ఉన్నాడు.

ఆర్థర్ ఆ నెలాఖరుకు వెళ్ళిపోయాడు. బంతి వదిలి వెళ్ళాడు. జనవరిలో కంపెనీ సగం జట్టును ఉత్తరాన రాస్ లఫాన్ రేవు పనులకు పంపేసింది. రాజనర్సు కూడా ఆ బస్సులోనే పోయాడు. ఇక ఆట ఆగిపోతుందని అందరూ అనుకున్నారు. నర్సింలు ఆగలేదు. కొత్తగా దిగినవాళ్ళ గదులకు మొదటి వారంలోనే వెళ్ళేవాడు. నీకు పరిగెత్తడం వచ్చా, పడితే లేవడం వచ్చా అని అడిగేవాడు. నేపాలీలు వచ్చారు, కేరళవాళ్ళు వచ్చారు, ఒక ఏడాది జట్టులో అతను తప్ప తెలుగువాడే లేడు. బాస్ మారాడు. కొత్త బాస్‌ను కూడా నర్సింలే వెళ్ళి అడిగాడు.

అలా నాలుగేళ్ళు నడిపాడు. దుఖాన్ వాళ్ళతో ఏడాదికి రెండుసార్లు, ఒకసారి గడ్డి మీద, ఒకసారి ఇసుకలో. కొన్ని గెలిచారు, ఎక్కువ ఓడారు. సుధాకరరావు నియమాలన్నీ కంఠస్థం చేసి, కళ్ళద్దాలకు తాడు కట్టుకుని, విజిల్ వేసేవాడయ్యాడు. ఆటలో ఆయన స్వపర భేదం చూడడని పేరు.

1998 చివర్లో నర్సింలు ఇంటికి తిరిగి వెళ్ళిపోయే ముందు దుఖాన్‌లో ఆఖరి ఆట ఆడాడు. అతను అందించిన బంతితో ఒకడు గీత దాటితే, నువ్వు ముందుకు విసిరావంటూ సుధాకరరావు ఆ పాయింట్లు చెల్లవన్నాడు. దాంతో మెసైమీర్ ఓడింది. వెనక్కే ఇచ్చినానని నర్సింలు, ముందుకే పోయింది నా కళ్ళతో చూశానని సుధాకరరావు, బస్సు మెసైమీర్ చేరేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.